ట్రైనింగ్ అయ్యాక అసలు పని: ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచర్లకు తరగతి గదిలోనే కోచింగ్ ఇవ్వడం ఎలా

మండల కేంద్రంలో మూడు రోజుల ట్రైనింగ్ జరుగుతుంది. స్లైడ్లు, చార్టులు, గ్రూప్ యాక్టివిటీ, గ్రూప్ ఫొటో, చివర్లో చేతికో మాడ్యూల్. టీచర్ తిరిగి బడికి వెళ్లేసరికి మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో, ముందు వరసలో అల్లరి, వెనక గోడకి ఆనుకుని కూర్చున్న మేధో వైకల్యం ఉన్న బాబు, పైగా పది గంటల్లోపు హాజరు యాప్‌లో పెట్టాలి. మాడ్యూల్ బీరువాలోకి వెళ్లిపోతుంది. ఇందులో టీచర్ తప్పేం లేదు. హాల్లో విన్నదాన్ని తన గదిలో, తన పిల్లలతో చేయాలంటే మొదటి కొన్ని వారాలు పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఏం చేయాలో ఇక్కడ వరసగా చెప్తాను.

ఇది ముఖ్యంగా ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే ఐఈఆర్పీల (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్ల) కోసం, ప్రైవేటు బడుల్లో ఉన్న స్పెషల్ ఎడ్యుకేటర్ల కోసం. సీఆర్పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు), హెచ్‌ఎంలు కూడా వాడుకోవచ్చు.

కోచింగ్‌తో నిజంగా ఫలితం ఉంటుందా అంటే, ఉంటుంది. 2018లో క్రాఫ్ట్, బ్లేజర్, హోగన్ అనే ముగ్గురు పరిశోధకులు టీచర్ కోచింగ్ మీద వచ్చిన 60 అధ్యయనాలను కలిపి చూశారు. టీచర్ బోధనలో మార్పు దాదాపు 0.49 స్టాండర్డ్ డీవియేషన్ (మార్పు ఎంత పెద్దదో చెప్పే కొలత), పిల్లల ఫలితాల్లో 0.18 అని తేలింది. చదువు రంగంలో ఇవి చెప్పుకోదగ్గ అంకెలే. అయితే అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది, అది మన రాష్ట్రాలకి చాలా అవసరమైన మాట: వందలమంది టీచర్లున్న పెద్ద కార్యక్రమంగా మార్చేసరికి ఈ ప్రభావం బాగా తగ్గుతోంది. కాబట్టి ఒకేసారి మండలం మొత్తానికి కోచింగ్ అని లిస్టు రాసుకోకండి. ఒక విడతలో ఇద్దరు, మహా అయితే ముగ్గురు టీచర్లు. మిగతావాళ్లు తర్వాతి విడతలో.

ముందు, ఏ పద్ధతి నేర్పుతున్నారో తేల్చుకోండి

పరిశోధనలో నిలబడిన పద్ధతి అంటే ఎవరో పెద్దాయన చెప్పిందనో, వీడియోలో బాగుందనో కాదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు పరిశోధకులు, సరైన పోలికతో పరీక్షించి చూసినప్పుడు మళ్లీ మళ్లీ పనిచేసింది. ఆటిజం విషయంలో 2020లో వచ్చిన పెద్ద సమీక్ష ఇలాంటివి 28 పద్ధతులని లెక్క తేల్చింది. బొమ్మలతో దినచర్య చూపించడం, పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం, ప్రాంప్ట్ (జవాబుకి చిన్న సాయం) ఇచ్చి మెల్లగా తీసేయడం, మంచి ప్రవర్తనకి వెంటనే ప్రోత్సాహం ఇవ్వడం, మాట రాని పిల్లలకి బొమ్మల బోర్డు లాంటి ప్రత్యామ్నాయ సాధనాలు, ఇవన్నీ అందులో ఉన్నాయి. చదవడంలో వెనకబడిన పిల్లలకైతే నేను చేస్తా, మనం కలిసి చేద్దాం, నువ్వు చెయ్ అనే వరసలో సాగే స్పష్టమైన బోధనకి దశాబ్దాల ఆధారం ఉంది.

అలాగే ఏవి నిలబడలేదో కూడా కోచ్‌కి తెలిసి ఉండాలి, ఎందుకంటే టీచర్లు, తల్లిదండ్రులు మొదట అడిగేవి అవే. పిల్లల్ని చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని విడదీసి దాని ప్రకారం పాఠం చెప్పడానికి గట్టి ఆధారం లేదు. మాట రాని పిల్లవాడి చెయ్యి పట్టుకుని పెద్దవాళ్లు టైప్ చేయించే ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్‌లో వచ్చే మాటలు పిల్లవాడివి కావని, పట్టుకున్నవాళ్లవేనని పరీక్షల్లో తేలింది. కళ్లకి గంతలు కట్టి చదివించే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ కోర్సుల వెనక శాస్త్రం ఏమీ లేదు. అప్పు చేసి మరీ ఇలాంటివాటికి ఫీజు కట్టే తల్లిదండ్రుల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ డబ్బూ, ఆ నెలలూ పిల్లవాడికి తిరిగి రావు. టీచర్ అడిగితే మొహమాటపడకుండా చెప్పండి.

అడుగు 1: ఇన్‌స్పెక్షన్ కాదని మాటతోనూ, చేతతోనూ చూపించండి

మన బడుల్లో ఎవరైనా ఫైలు పట్టుకుని వెనక బెంచీలో కూర్చుంటే టీచర్‌కి టెన్షన్ మొదలవుతుంది. అది సహజం, ఎందుకంటే ఇప్పటిదాకా అలా వచ్చినవాళ్లంతా రిపోర్టు రాసుకోవడానికే వచ్చారు. కాబట్టి మొదటిరోజు తరగతిలోకి వెళ్లకండి. ముందు హెచ్‌ఎంతో మాట్లాడండి, తర్వాత టీచర్‌తో విడిగా కూర్చోండి. మూడు విషయాలు సూటిగా చెప్పండి. నేను రాసుకునేది మీకే ఇస్తాను, ఎంఈఓ ఆఫీసుకి వెళ్లదు. ఏ పని మీద దృష్టి పెట్టాలో మీరే ఎంచుకుంటారు. నేను చెప్పేది ముందు నేనే మీ తరగతిలో చేసి చూపిస్తాను.

ఈ మూడింటిలో మొదటిది నిలబెట్టుకోవడం కష్టం. పైవాళ్లు ఫలానా టీచర్ ఎలా చేస్తున్నారని అడుగుతారు. ఎన్నిసార్లు వెళ్లారు, ఏ పద్ధతి మీద పనిచేస్తున్నారు అన్నంతవరకే చెప్పండి. టీచర్ స్కోరు బయటికి వెళ్లిందని తెలిసిన రోజు నుంచి మీకు అసలు తరగతి కనిపించదు, మీకోసం తయారుచేసిన తరగతి కనిపిస్తుంది.

టైము కూడా అప్పుడే ఖాయం చేసుకోండి. మధ్యాహ్న భోజనం పర్యవేక్షణ, యాప్‌లలో ఫొటోలు ఎక్కించే వేళ, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్ రోజు వద్దు. వారానికి ఒకసారి, ముందు పది నిమిషాలు మాట, ఇరవై నిమిషాలు తరగతి, తర్వాత పదిహేను నిమిషాలు మాట. ఏకోపాధ్యాయ బడి అయితే చివరి పదిహేను నిమిషాలు మీరే పిల్లలకి ఏదైనా రాత పని ఇచ్చి కూర్చోబెట్టి, ఆ మూలనే మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఫర్వాలేదు.

అడుగు 2: లెక్కపెట్టండి

మొదటి పరిశీలనలో సలహాలు వద్దు, అభిప్రాయాలు వద్దు. ఒక కాగితం మీద నిలువు గీతలు గీయండి, అంతే. ఇరవై నిమిషాల్లో మూడు లెక్కలు చాలు.

ప్రత్యేక అవసరాలున్న పాపకి లేదా బాబుకి జవాబు చెప్పే అవకాశం ఎన్నిసార్లు వచ్చింది? పేరు పెట్టి అడగడం, పలక మీద రాయించడం, బొమ్మ చూపించమనడం, ఏదైనా సరే. రెండోది, టీచర్ ఫలానా పని బాగా చేశావని పేరు పెట్టి, పని పెట్టి మెచ్చుకున్నది ఎన్నిసార్లు, మందలించింది ఎన్నిసార్లు? మూడోది, ప్రతి నిమిషం ముగిసేసరికి ఒకసారి తలెత్తి చూడండి, ఆ క్షణంలో పిల్లవాడు పనిలో ఉన్నాడా లేడా?

చాలా తరగతుల్లో మొదటి లెక్కలో ఒక్క గీత కూడా పడదు. ఆ బాబుని ఎవరూ తిట్టరు, కొట్టరు, ప్రేమగానే చూస్తారు, బిస్కెట్ ఇస్తారు, కానీ రోజంతా ఎవరూ ఏమీ అడగరు. ఈ లెక్కని టీచర్‌కి చూపించేటప్పుడు గొంతులో ఆరోపణ లేకుండా చూసుకోండి. కాగితం ఆమె ముందు పెట్టి, ఇది చూస్తే మీకేమనిపిస్తోంది మేడమ్ అని అడిగి ఊరుకోండి. చాలామంది టీచర్లు ఆ ఖాళీ చూసి వాళ్లంతట వాళ్లే మాట్లాడతారు.

మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ) వాళ్లు తయారుచేసిన ఎఫ్‌ఏసీపీ చెక్‌లిస్టు మీ దగ్గర ఉండే ఉంటుంది. పిల్లవాడికి ఏం వచ్చో, తర్వాత ఏం నేర్పాలో దాంతో తేల్చుకోండి. కానీ అది పిల్లవాడి లెక్క. కోచింగ్‌కి టీచర్ చేసే పని లెక్క కూడా కావాలి, రెండూ పక్కపక్కన ఉండాలి.

అడుగు 3: ఒక్క పద్ధతి, ఒక్క లక్ష్యం

టీచర్ బాధ ఎక్కడుందో అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఆమెకి పిల్లవాడు మాటిమాటికీ లేచి బయటికి పోవడం సమస్య అయితే మీరు చదువు గురించి మొదలుపెడితే వినరు. లేచిపోయే పిల్లవాడికి బొమ్మల దినచర్య, కూర్చున్నప్పుడు వెంటనే మెచ్చుకోవడం. దానికంటే ముందు, లేచిపోవడానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని కొన్ని రోజులు రాసుకోవడం, ఎందుకంటే రాత పని ఇచ్చినప్పుడే పోతున్నాడంటే అసలు సంగతి రాత పనిలో ఉంది. అక్షరాలు రాని పిల్లవాడికి టైమ్ డిలే, అంటే అడిగి, కొన్ని సెకన్లు ఆగి, అప్పుడు జవాబు అందించడం. చేతులు కడుక్కోవడం, బట్టలు వేసుకోవడం లాంటివాటికి టాస్క్ అనాలిసిస్, అంటే పనిని చిన్న మెట్లుగా విడగొట్టడం. మాట రాని పాపకి బొమ్మల బోర్డు.

మిగతా ముప్పై మందినీ వదిలేసి ఈ ఒక్కడి కోసం కూర్చోవాలా అని టీచర్ అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి ధర్మం గురించి ఉపన్యాసం ఇవ్వకండి, పలకలు తీయించండి. ప్రశ్న అడిగి, అందరూ పలక మీద రాసి ఒకేసారి పైకెత్తడం చాలా తేలికైన పద్ధతి. ఒక్కొక్కరిని లేపి అడిగితే గంటలో పదిమందికి కూడా వంతు రాదు, పలకలతో ప్రతి ప్రశ్నకీ అందరికీ వంతు వస్తుంది. ఆ బాబు పదం రాయలేకపోతే మొదటి అక్షరం రాస్తాడు, లేదా రెండు కార్డుల్లో ఒకటి ఎత్తుతాడు. తరగతి మొత్తానికి పనికొచ్చే పద్ధతితో మొదలుపెడితే టీచర్ సగం మీవైపు వచ్చినట్టే.

లక్ష్యం ఒక వాక్యంలో రాసుకోండి, ఇద్దరూ చూసి ఒప్పుకోండి. బాబు మీద శ్రద్ధ పెడతాను అన్నది లక్ష్యం కాదు. నాలుగు వారాల్లో, రోజూ తెలుగు పీరియడ్ మొదటి పది నిమిషాల్లో, టైమ్ డిలేతో అయిదు అక్షరాలు నేర్పుతాను, పద్ధతిలోని మెట్లలో పదింటికి తొమ్మిదైనా సరిగ్గా చేస్తాను, ఇలా ఉండాలి.

అడుగు 4: చేసి చూపించండి (టైమ్ డిలే ఉదాహరణ)

ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే పద్ధతి పేరు చెప్పి వదిలేయడం వల్లే ట్రైనింగులు పాడవుతున్నాయి.

తెలుగులో అక్షరాలు యాభై పైనే, వాటి మీద గుణింతాలు, వత్తులు. వెనకబడిన పిల్లవాడికి వర్ణమాల వరసలో నేర్పుతూ పోతే ఎప్పటికీ పదం దాకా రాడు. అయిదు అక్షరాలు ఎంచండి. వాటితో రెండు మూడు పదాలు రావాలి, చూడ్డానికి ఒకదానికొకటి దూరంగా ఉండాలి. మ, య ఒకే సెట్‌లో పెట్టకండి. ప, వ, ష కలపకండి. ద, ధ, థ అసలే వద్దు. ఒకటి గట్టిపడ్డాకే దాన్ని పోలిన రెండోది తీయండి. ఉదాహరణకి మ, ల, త, క, ర తీసుకుంటే మర, తల, కల, కలత అన్నీ చదివించొచ్చు.

మొదటి రెండు మూడు రోజులు సున్నా సెకన్లు. కార్డు చూపించి ఇదేంటి అని అడిగి, ఆగకుండా వెంటనే మీరే "ల" అనాలి. పిల్లవాడు "ల" అంటాడు. మెచ్చుకుంటారు. ఇక్కడ పిల్లవాడికి తప్పు చేసే అవకాశమే లేదు. ఎప్పుడూ తప్పు చెప్పి నవ్వులపాలైన పిల్లవాడికి ఇది ఎంత ఊరటో అతని ముఖంలో తెలుస్తుంది.

తర్వాత నాలుగు సెకన్లు. కార్డు చూపించి ఇదేంటి అని అడిగి, నోరు మూసుకుని నాలుగు దాకా మనసులో లెక్కపెట్టాలి. ఆలోపు సరిగ్గా చెప్తే వెంటనే "ల! కరెక్ట్‌గా చెప్పావ్" అనాలి. ఏమీ చెప్పకపోతే మీరే చెప్పి అనిపించాలి, అదీ మంచిదే. ఆగకుండా తప్పు చెప్తే, "తెలియకపోతే ఆగు నాన్నా, నేను చెప్తాగా" అని, సరైనది చెప్పి అనిపించి, ముందుకు పోవాలి. ప్రతి కార్డుకీ ఒక గుర్తు: ఆగేలోపు తనంతట తాను చెప్పాడా, మనం చెప్పాక అన్నాడా, తప్పు చెప్పాడా. అయిదు కార్డులు, ఒక్కోటి మూడుసార్లు, కలిపి తిప్పి చూపిస్తే పూర్తిగా పది నిమిషాలు కూడా పట్టదు.

మీరు దీన్ని టీచర్ ముందు, అదే పిల్లవాడితో చేయాలి. మీ సొంత సెంటర్‌లో తీసిన వీడియో సరిపోదు. ఈ పిల్లవాడు మీ చేతిలో కార్డు లాక్కుంటే మీరేం చేశారో ఆమె చూడాలి. చూసేటప్పుడు ఆమె చేతికి మెట్ల కాగితం ఇవ్వండి, నేను ఎక్కడ తప్పానో గుర్తు పెట్టండి మేడమ్ అని చెప్పండి. ఆ కాగితంతో మిమ్మల్ని ఆమె కొలిచాక, అదే కాగితంతో మీరు ఆమెని కొలిస్తే ఇబ్బందిగా అనిపించదు.

అడుగు 5: పిల్లలు రాకముందే రిహార్సల్

దీన్ని చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి. ప్రార్థనకి ముందో, బడి వదిలాకో పది నిమిషాలు. మీరు పిల్లవాడు, ఆమె టీచర్. మొదట సరిగ్గా చెప్పండి, తర్వాత కావాలనే తప్పు చెప్పండి, తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోండి. సిగ్గుపడతారు, నవ్వుతారు, ఆ నవ్వు అయ్యేదాకా ఆగి మళ్లీ చేయించండి. తప్పు జవాబు వచ్చినప్పుడు ఏం అనాలో నోటికి అలవాటయ్యేదాకా చేయాలి. ముప్పైమంది మధ్యలో ఆలోచించి మాట వెతుక్కునే తీరిక ఉండదు.

అడుగు 6: చూడండి, అదే కాగితంతో

టైమ్ డిలేకి నేను చూసే మెట్లు ఇవి: పిల్లవాడు కార్డు వైపు చూశాకే అడిగారా, అడిగాక పూర్తి నాలుగు సెకన్లు ఆగారా, ఆ ఆగినంతసేపు పెదవులతో గానీ మొదటి శబ్దంతో గానీ హింట్ ఇవ్వకుండా ఉన్నారా, సరైన జవాబుకి వెంటనే మెచ్చుకున్నారా, తప్పుకి చిరాకు లేకుండా సరిదిద్దారా, ప్రతిసారీ గుర్తు రాశారా. అన్ని కార్డులకీ కలిపి పదింటికి ఎనిమిది కంటే తక్కువగా మెట్లు పడుతుంటే పద్ధతి ఇంకా పట్టు దొరకలేదని అర్థం. అప్పుడు పిల్లవాడికి ఇది పనికిరాలేదని తేల్చేయకూడదు, అసలు ఇది ఇంకా మొదలే కాలేదు.

అందరూ తప్పేది ఆ నాలుగు సెకన్ల దగ్గరే. మౌనం భరించలేరు. ప్రేమ ఎక్కువున్న టీచర్లే ముందుగా చెప్పేస్తారు.

అడుగు 7: ఆ రోజే మాట్లాడండి

వారం తర్వాత ఇచ్చే ఫీడ్‌బ్యాక్ దండగ. అదే రోజు, వీలైతే అదే గంటలో. ముందు లెక్క, తర్వాత ఆమె మాట, తర్వాత ఒకే ఒక్క మార్పు. ఒక సంభాషణ ఎలా సాగుతుందో చూడండి.

"మేడమ్, ఇవాళ పదిహేను కార్డులు చూపించారు. పన్నెండింటికి పూర్తిగా ఆగారు. పోయిన వారం అయిదింటికే."

"అవునా? నాకైతే చాలాసేపు ఆగుతున్నట్టే ఉంది."

"ఆగనివి మూడూ ఏవో గుర్తున్నాయా?"

"ర కార్డు అనుకుంటా. వాడికది రాదండీ, పాపం అనిపించి చెప్పేస్తున్నా."

"అన్నీ ర కార్డే. మరి దానికేం చేద్దాం?"

"ఆ ఒక్కదానికీ మళ్లీ సున్నా సెకన్లకి వెళ్లొచ్చా?"

"వెళ్లొచ్చు. రెండు రోజులు అలా చేసి మళ్లీ ఆగండి. మిగతా నాలుగింటికీ ఎలా లెక్కపెడతారు?"

"చీర కొంగు వెనక వేళ్లు మడుచుకుంటా. నాలుగు మడిచాకే నోరు తెరుస్తా."

ఇక్కడ కోచ్ చేసిందేమిటో గమనించండి. బాగా చేశారు అని గాలిలో మాట అనలేదు, అంకె చెప్పారు. ఉపాయం టీచర్ నోటి నుంచే వచ్చింది. సున్నా సెకన్లకి వెళ్లొచ్చా అని ఆమె అడిగిన క్షణంలో పద్ధతి వెనక ఉన్న ఆలోచన ఆమెకి పట్టుబడింది, అది ఏ మాడ్యూల్ ఇవ్వలేనిది. మెచ్చుకోవడంలో తేడా, కార్డుల మురికి, బోర్డు మీద తేదీ రాయకపోవడం, ఇవన్నీ కోచ్ చూసే ఉంటారు, కానీ ఆ రోజు ఎత్తలేదు. ఒకటే మార్పు.

దూరపు బడులకి ప్రతి వారం వెళ్లలేకపోతే ఫోన్ ఉంది. టీచర్ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వీడియో కాల్‌లో ఉంటే, కోచ్ మెల్లగా "ఆగండి... ఇప్పుడు మెచ్చుకోండి" అని అప్పటికప్పుడు చెప్పే పద్ధతి మీద విదేశాల్లో మంచి పరిశోధనలే వచ్చాయి. మాటలు చాలా తక్కువగా, నాలుగు పదాలు మించకుండా ఉండాలి. రికార్డు చేయాలంటే తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ వీడియో టీచర్, మీరు తప్ప ఎవరూ చూడకూడదు. మండలం వాట్సాప్ గ్రూపులో పిల్లవాడి వీడియో పెట్టడం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా తప్పే.

ఆయాలని మర్చిపోకండి

భవిత కేంద్రాల్లో పిల్లలతో ఎక్కువసేపు ఉండేది ఆయాలు. వాళ్లకి ట్రైనింగ్ పిలుపు దాదాపు రాదు, కానీ నేర్పితే చాలా త్వరగా నేర్చుకుంటారు. భోజనానికి ముందు చేతులు కడిగే పని తీసుకోండి. మామూలుగా ఏం జరుగుతుందంటే పాప చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, తిప్పి, సబ్బు రాసి, కడిగి, కొంగుతో తుడిచి పంపేస్తారు. పాప ఏళ్ల తరబడి ఏమీ చేయదు.

పనిని తొమ్మిది మెట్లుగా విడగొట్టండి: కుళాయి దగ్గరికి రావడం, తిప్పడం, తడపడం, సబ్బు తీసుకోవడం, రుద్దడం, సబ్బు పెట్టేయడం, నురగ పోయేదాకా కడగడం, కుళాయి కట్టడం, తుడుచుకోవడం. ఒక్కో మెట్టు దగ్గరా అయిదు సెకన్లు ఆగమని చెప్పండి. పాప చేయకపోతే ముందు మాట, "కుళాయి తిప్పమ్మా". మళ్లీ ఆగాలి. అప్పటికీ చేయకపోతే వేలితో కుళాయి చూపించడం. తర్వాత తిప్పి చూపించి మళ్లీ కట్టేయడం. చివరగా మాత్రమే చెయ్యి పట్టుకోవడం. రాయడం రాని ఆయా అయితే గోడ మీద తొమ్మిది బొమ్మలు అంటించి, పాప సొంతంగా చేసిన మెట్టు పక్కన రోజూ ఒక బిందీ అంటించమనండి. నెల తర్వాత ఎక్కడ బిందీలు పెరిగాయో, ఎక్కడ ఒక్కటీ లేదో గోడే చెప్తుంది.

ఆయాకి ఫీడ్‌బ్యాక్ ఇచ్చేటప్పుడు "అక్కా, ఇవాళ సబ్బు దగ్గర మీరు ఆగారు, పాప తనే తీసుకుంది, చూశారా" అని అందరి ముందు చెప్పండి. ఆ మాట వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు.

అడుగు 8: పిల్లవాడు కదలకపోతే

టీచర్ లెక్క, పిల్లవాడి లెక్క ఒకే కాగితం మీద ఉంటే నిర్ణయం తేలిక. టీచర్ మెట్లు సరిగ్గా పడటం లేదు, పిల్లవాడూ కదలడం లేదంటే కోచింగ్ పెంచండి. మెట్లు సరిగ్గా పడుతున్నాయి, రెండు వారాలైనా పిల్లవాడి గీత పైకి పోవడం లేదంటే టీచర్‌ని వదిలేసి పద్ధతి వైపు చూడండి. అయిదు కార్డులు ఎక్కువయ్యాయా, మూడు చేద్దామా? మెచ్చుకోలు అతనికి నిజంగా ఇష్టమైనదేనా, లేక చప్పట్ల శబ్దానికి భయపడే పిల్లవాడికి చప్పట్లు కొడుతున్నామా? సరిగ్గా వినిపిస్తోందా, కనిపిస్తోందా? మూర్ఛకి వాడే మందు వల్ల ఉదయం మత్తుగా ఉంటున్నాడేమో, పాఠం మధ్యాహ్నానికి మార్చొచ్చా? వినికిడి, చూపు పరీక్షలు ఎప్పుడు జరిగాయో ఐఈపీ (పిల్లవాడి వ్యక్తిగత విద్యా ప్రణాళిక) ఫైలులో వెతకండి, లేకపోతే ముందు ఆ పని చేయించండి. వైకల్యం అనుకున్నదాంట్లో కొంత కళ్లద్దాలతోనో, హియరింగ్ ఎయిడ్‌తోనో తీరేది ఉండొచ్చు.

మరో సంగతి. కోచింగ్ వల్ల తరగతి టీచర్ స్పెషల్ ఎడ్యుకేటర్ అయిపోరు, అలా అయిపోవాలని అడగకూడదు కూడా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది, ఒక్కోదానికి ఒక్కో నైపుణ్యం కావాలి. 2021లో సుప్రీంకోర్టు సాధారణ బడుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ఆపై 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలంది. మండలానికి ఒకరిద్దరు ఐఈఆర్పీలతో మనం ఆ దరిదాపుల్లో కూడా లేం. కోచింగ్ బాగా జరుగుతోంది కదా అని ఆ పోస్టులు అక్కర్లేదనే మాట ఎక్కడైనా వస్తే గట్టిగా కాదనండి. బ్రెయిలీ, సంకేత భాష, తీవ్రమైన బహుళ వైకల్యాలు, వీటిని పక్కన కూర్చుని చెప్పే కోచింగ్‌తో సరిపెట్టలేం.

అడుగు 9: మెల్లగా తప్పుకోండి

టీచర్ వరసగా మూడు పరిశీలనల్లో పదికి తొమ్మిది మెట్లు దాటితే వారం వారం వెళ్లడం మానేసి రెండు వారాలకొకసారి, తర్వాత నెలకొకసారి వెళ్లండి. ఒక్కసారిగా ఆపేస్తే పద్ధతి కూడా ఆగిపోతుంది. ఈలోపు అవే కార్డులు ఇంట్లో అమ్మ చేత, ఇంకో పీరియడ్‌లో ఇంకో టీచర్ చేత చేయించండి, ఎందుకంటే ఒక్క టీచర్ దగ్గర మాత్రమే చదివే పిల్లవాడికి చదువు ఇంకా వచ్చినట్టు కాదు. ఆ టీచర్‌ని కాంప్లెక్స్ మీటింగ్‌లో పది నిమిషాలు మాట్లాడమనండి, పిల్లవాడి గ్రాఫ్ చూపించమనండి. తోటి టీచర్ చెప్తే వినే తీరు వేరు.

బదిలీల సీజన్‌కి ముందే ఒక పని పూర్తి చేయండి. ఐఈపీ ఫైలులో మొదటి పేజీగా ఒక కాగితం పెట్టండి: ఏ పద్ధతి వాడుతున్నారు, దాని మెట్లు, పిల్లవాడు ఎక్కడిదాకా వచ్చాడు, ఏది ఇస్తే సంతోషిస్తాడు, ఏది చేస్తే భయపడతాడు, కార్డులు ఏ అలమరలో ఉన్నాయి. పాత టీచర్ ఫోన్ నంబరు, ఆమె ఒప్పుకుంటేనే. కొత్త టీచర్ చేరిన వారంలోపే మీరు ఆ బడికి వెళ్లి, ఆ కాగితం ఆమె చేతికిచ్చి, కార్డులు తీసి, పిల్లవాడిని పిలిచి, ఒక రౌండ్ మీరే చేసి చూపించండి.